కుర్చీలో వయొలిన్

ఆ రోజు పొద్దున చెక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే కాలేజీకి వెళ్లాలి, మాస్టారు చెప్పిన పని చేసిపెట్టాలి, కింద గదిలో కాసేపు సాధన చేసుకోవాలి, పదకొండింటికి పరీక్ష పాసవ్వాలి. మొదటి మూడూ అతని చేతిలో ఉన్న పనులే. నాలుగోది మాత్రం రెండేళ్లుగా అతని చేతికి చిక్కలేదు.

చెక్క అన్నది అతని పేరు కాదు. సంగీత కళాశాలలో చేరిన కొత్తలో వయొలిన్ మాస్టారు కళ్లు మూసుకుని అతను వాయించింది ఆసాంతం విని, "ఒరేయ్, వయొలిన్‌లో చెక్క ఉంటుంది, తీగలుంటాయి, ఆ రెంటికీ మధ్య ప్రాణం ఉంటుంది. నువ్వు వాయిస్తుంటే నాకు చెక్క ఒక్కటే వినబడుతోంది" అన్నారు. సాయంత్రానికల్లా ఆ మాట కాలేజీ అంతా పాకింది. అమ్మానాన్నలు ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఆ తర్వాత హాజరు పిలిచేటప్పుడు తప్ప ఎక్కడా వినబడలేదు. చివరి పరీక్ష రెండుసార్లు తప్పాడు. రెండుసార్లూ తప్పించింది ఆ మాస్టారే. మూడోసారి కూడా తప్పితే సీటు పోతుంది, అది అక్కడి నియమం.

సీటు పోతే ఎక్కడికి పోవాలో మాత్రం అతను వెతుక్కోనక్కర్లేదు. అతను ఉండేది అక్క ఇంట్లో. బావ అట్టపెట్టెల కంపెనీలో సూపర్‌వైజరు. బావమరిది కోసం అక్కడ ఒక ఖాళీని పిల్లి పాలగిన్నెని కాపలా కాసినట్టు కాస్తున్నాడు.

"ఏమోయ్, పదకొండింటికే కదా నీ పరీక్ష? ఆ వేళకి నేను కాలేజీకి వచ్చేస్తా" అన్నాడు బావ టీ తాగుతూ. "తప్పావనుకో, అట్నుంచి అటే కంపెనీకి పోదాం. మా మేనేజరు భోజనానికి లేవకముందే నిన్ను చూపించేస్తా."

"శుభమా అని వాడు పరీక్షకి వెళ్తుంటే ఆ మాటలేంటండీ?" అంది అక్క. "పాసైతే?"

బావ గ్లాసు కిందపెట్టి ఆలోచించాడు. పాపం, ఆయన ఆ వైపు ఎప్పుడూ ఆలోచించలేదు. "పాసైతే నేనొక్కణ్ణే పోతా" అన్నాడు చివరికి, కొంచెం బెంగగా.

బయట ముసురు. జనం ఎండ మొహం చూసి ఎన్నాళ్లయిందో మర్చిపోయేంత ముసురు. వయొలిన్ పెట్టెని చొక్కాలో దోపుకున్నంత పని చేసి చెక్క కాలేజీకి చేరేసరికి అక్కడ గోడలు కూడా తడిసి ముద్దయి, రాత్రంతా ఏడ్చినవాళ్ల మొహాల్లా ఉన్నాయి. మేడ మీద మాస్టారి గది తాళం తీశాడు. ముందురోజు పాఠం అయ్యాక మాస్టారు చెప్పిన పని ఇది:

"రేపు పొద్దున్నే నేను పన్ను పీకించుకోవడానికి పోతున్నా. నువ్వు నా వయొలిన్ తీగలు వదులు చేసి ఉంచు. రిపేరు మనిషి వచ్చి తీగల కింది బ్రిడ్జి మారుస్తాడు. పరీక్ష వేళకి నేను వచ్చేస్తాలే, ఆశలు పెట్టుకోకు."

చెక్క వయొలిన్ బయటికి తీసి, బిరడాలు ఒక్కొక్కటే తిప్పి తీగలు వదులు చేశాడు. మళ్లీ పెట్టెలో పెడదామని చూస్తే, పెట్టె మీదకి పైకప్పు నుంచి చినుకు చినుకుగా కారి లోపలి గుడ్డంతా తడిసిపోయి ఉంది. బల్ల తడి. కిటికీ గట్టు తడి. గదిలో పొడిగా ఉన్నది మాస్టారి కుర్చీ ఒక్కటే. వయొలిన్‌ని జాగ్రత్తగా అందులో ఆనించి, వాయించే కమాను పక్కనే పెట్టి, తలుపు దగ్గరగా వేసి కిందికి దిగిపోయాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసినందుకు అతనికి కాస్త తృప్తిగా కూడా ఉంది. ఆ రోజుకి అదే ఆఖరి తృప్తి.

ఇక్కడ ఆ కాలేజీ ఆచారం ఒకటి చెప్పాలి. గురువు ఎవరైనా కన్నుమూస్తే ఆయన వాద్యం తీగలు వదులు చేసి ఆయన కుర్చీలోనే పెడతారు. ఇక దాన్ని వాయించే చెయ్యి లేదని అర్థం. అప్పట్నుంచి కాలేజీలో ఎవరూ ఏదీ మోగించకూడదు. ఆయన చివరి పాఠం ఎవరికి చెప్పారో ఆ విద్యార్థి అందరి ముందూ వాయించాకే మిగతావాళ్లు వాద్యాలు ముట్టుకోవాలి. చెక్క చేరాక అక్కడ ఏ గురువూ పోలేదు. అందుకని ఈ ఆచారం గురించి అతనికి ఎవరూ చెప్పలేదు, చెప్పే అవసరం రాలేదు.

అటెండరుకి మాత్రం అది బాగా తెలుసు. జుట్టంతా అక్కడే నెరిసిన మనిషి. కారే చోట పెట్టడానికి బకెట్ పట్టుకుని మాస్టారి గదిలోకి వచ్చి, కుర్చీ చూసి, అలాగే నిలబడిపోయాడు. బకెట్ పెట్టడం కూడా మర్చిపోయి దానితోనే హెడ్ క్లర్కు దగ్గరికి పరుగెత్తాడు.

"అమ్మా, మన వయొలిన్ మాస్టారు పోయారు!"

హెడ్ క్లర్కు చేతిలో టీ ఒలికింది. "నిన్న సాయంత్రం నాతో పోట్లాడి వెళ్లారయ్యా, ఫ్యాను తిరగట్లేదని. ఎవరు చెప్పారు నీకు?"

"చెప్పేదేంటమ్మా, కళ్లారా చూసొస్తున్నా. తీగలు వదిలేసి వయొలిన్ కుర్చీలో పెట్టేశారు. ఇంట్లోవాళ్లు పొద్దున్నే వచ్చి పెట్టిపోయుంటారు."

ఆవిడ తొందరపడే మనిషి కాదు. వెంటనే మాస్టారి ఇంటికి ఫోను చేసింది. మాస్టారు అప్పటికి పన్ను పీకించుకుని ఇంటికొచ్చి మంచం మీద పడి ఉన్నారు. నోటినిండా దూది, సగం మొహం మొద్దుబారిపోయింది. ఫోను ఎత్తి "ఊఁ... ఊఁహూఁ..." అని మూలిగి, ఇంకేమీ రాక పెట్టేశారు.

హెడ్ క్లర్కు ఫోను పెట్టేసింది. "నిజమేనయ్యా. ఎవరో కుమిలి కుమిలి ఏడుస్తున్నారు. నోట మాట రావట్లేదు పాపం."

"ఆయన ఒంటరివాడు కదమ్మా?"

"మగ గొంతు. తమ్ముడై ఉంటాడు."

ఆ విధంగా లేని తమ్ముడొకడు పుట్టాడు. కబురు ప్రిన్సిపాల్ గదికి వెళ్లేసరికి ఆ తమ్ముడు పొరుగూరి నుంచి తెల్లవారుజామున దిగాడు. ప్రిన్సిపాల్ గది దాటి వరండాలోకి వచ్చేసరికి అన్నగారి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ప్రిన్సిపాల్ పేరున్న గాయని. గొంతు పోయాక ఆవిడ ప్రతిభంతా సంతాపసభల వైపు మళ్లింది. కళ్లు తుడుచుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని, "గంట కొట్టించండి. పదకొండింటికి హాల్లో సభ. పరీక్షలన్నీ రద్దు" అంది. గంట మోగగానే ఒక్కో గదిలోనూ పాట తెగిపోతూ వచ్చింది. మేడంతా మూగబోయింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది.

నేల కింద గదిలో ఉన్న చెక్కకి గంట వినపడలేదు. అతను ఏకాగ్రతతో చెక్కలా వాయిస్తూనే ఉన్నాడు. మెట్ల దగ్గర చేరిన విద్యార్థులు ముక్కున వేలేసుకున్నారు. "గురువుగారు పోతే వీడు కచేరీ చేస్తున్నాడు చూడు! వీడి గుండె కూడా చెక్కేరా!" చివరికి అతని తరగతిలోనే చదివే, సెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే అమ్మాయి తలుపు తోసి లోపలికి వచ్చింది.

"ఆపు. మాస్టారు పోయారు."

"ఎక్కడికి?"

ఆ అమ్మాయి తల దించుకుంది. చెక్క కమాను దించాడు.

"అదేంటి? పన్ను పీకించుకోవడానికి కదా వెళ్తానన్నారు!"

"పన్నా?" ఆ అమ్మాయి కళ్లు పెద్దవయ్యాయి. "అయితే అదే! పన్ను కింద నరం తిన్నగా గుండెకి పోతుందట, మా పిన్ని చెప్పింది."

చావుకి కారణం దొరకలేదన్న కొరత ఉండేది, అదీ తీరిపోయింది. ఆ అమ్మాయి పైకి వెళ్లి అందరికీ చెప్పింది. అంతదాకా నమ్మనివాళ్లు కూడా నమ్మేశారు.

చెక్క గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నిజం చెప్పాలంటే అతనికి ముందు వచ్చిన ఆలోచన, మరి నా పరీక్ష ఎవరు తీసుకుంటారు అని. ఆ వెంటనే ఛీ అనుకున్నాడు. ఆ తర్వాత దుఃఖం వచ్చింది. ఇన్నేళ్లూ ఆ మనిషి నోట ఒక్క మంచి మాట వినాలని వేళ్లు కాయలు కాసేలా వాయించాడు. తిట్టడానికైనా సరే, ప్రతి వారం ఆయన అతని పాటని కళ్లు మూసుకుని చివరిదాకా వినేవారు. అంత ఓపికగా అతన్ని విన్న మనిషి ఈ లోకంలో ఇంకొకరు లేరు. అక్కకి ప్రేమ ఉంది గానీ, వాయించడం మొదలెట్టగానే ఆవిడకి వంటింట్లో పని గుర్తొచ్చేది.

పదకొండింటికి హాలు నిండిపోయింది. వేదిక మీద మాస్టారి కుర్చీ. అందులో వయొలిన్ మీద తెల్ల గుడ్డ కప్పి, అటెండరు పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ మాట్లాడింది. మాస్టారు మృదుభాషి అని చెప్పింది. కోపమంటే ఎరగరని చెప్పింది. "ఆ తమ్ముడి రోదన ఇంకా నా చెవుల్లో మోగుతోంది" అని, ఫోను తను చెయ్యకపోయినా చెప్పింది. ఆ తర్వాత విద్యార్థులు ఒక్కొక్కరే లేచి, మాస్టారు తమని రహస్యంగా ఎలా మెచ్చుకున్నారో చెప్పుకున్నారు. ఒకడితో "నా తర్వాత నువ్వే" అన్నారట. ఇంకొకడితోనూ అదే అన్నారట. పోయినవాళ్లందరూ మంచివాళ్లేనంటారు, కాదనడానికి వాళ్లు రారు గనుక.

సరిగ్గా అప్పుడు మాస్టారు వచ్చారు. దవడ బూరెలా ఉబ్బింది, తలకీ గడ్డానికీ కలిపి మఫ్లర్ చుట్టుకున్నారు. పరీక్ష గదిలో ఎవరూ లేకపోతే హాల్లో అలికిడి విని వచ్చి, వెనకవరసలో ఖాళీ కుర్చీలో కూర్చున్నారు. ఆ పక్క కుర్చీలో బావ ఉన్నాడు. పొద్దున చెప్పిన మాట ప్రకారం బావమరిదిని పట్టుకెళ్లడానికి వచ్చేశాడు.

"పంటి నొప్పా?" అన్నాడు బావ జాలిగా.

మాస్టారు తల ఊపి, ఏంటిదంతా అన్నట్టు వేదిక వైపు చెయ్యి చూపించారు.

"ఎవరో వయొలిన్ మాస్టారట, పోయారు. మీకు తెలీదా? మా బావమరిదిని రెండేళ్లు వరసగా తప్పించాడండీ మహానుభావుడు. పోయినవాళ్లని ఏమీ అనకూడదు గానీ, తప్పిస్తే తప్పించాడు, మాకు మేలే చేశాడు. కుర్రాడు అట్టపెట్టెల్లో బాగా పైకొస్తాడు."

మాస్టారు "ఊఁ" అని ఏదో అనబోయారు. దూది అడ్డం వచ్చింది. లేవబోయారు. సరిగ్గా అప్పుడే వేదిక మీద ప్రిన్సిపాల్, "చివరి పాఠం చెప్పించుకున్న శిష్యుడు ముందుకు రావాలి" అంది. చెక్క లేచి వెళ్తుంటే మాస్టారు మళ్లీ కూర్చున్నారు.

వాయించేముందు చెక్కని రెండు మాటలు మాట్లాడమన్నారు. అతనికి మాటలు రావు. "మాస్టారు నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు" అన్నాడు. "ఇవాళ మెచ్చుకుంటారేమో అని నిన్న రాత్రి అనుకున్నా. ఆయన అబద్ధం చెప్పరు. అందుకే ఆయన బాగుందంటే బాగున్నట్టే. ఇక ఎవరు బాగుందన్నా నాకు నమ్మకం కుదరదు." అని వయొలిన్ భుజానికి ఎత్తుకున్నాడు.

పరీక్ష కోసం ఏడాదిగా సాధన చేసిన నిదానపు పాటే వాయించాడు. ఇప్పుడు తప్పు పట్టేవాళ్లు లేరు, తప్పు దొర్లుతుందన్న భయమూ లేదు. భయం పోయిన చోట ఇంకేదో మెల్లగా వచ్చి కూర్చుంది. మధ్యలో ఒక చోట స్వరం నిలవలేక కాస్త జారింది, అది కూడా బాగుంది. సెల్లో అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. సంగీతమంటే గిట్టని బావ కూడా జేబురుమాలు తీసి, పక్కాయన చెంపలు తడిగా ఉండటం చూసి, "ముందు మీరు తుడుచుకోండి" అని ఇచ్చాడు.

పాట అయ్యాక ఆచారం ప్రకారం ప్రిన్సిపాల్ కుర్చీలోని వయొలిన్ మీద గుడ్డ తీసింది. వేలాడుతున్న తీగలు చూసి చెక్క ఉలిక్కిపడ్డాడు.

"ఇది రిపేరుకి పెట్టాం కదా, ఇక్కడికెలా వచ్చింది?"

"రిపేరేంటి బాబూ? తీగలు వదిలేసి కుర్చీలో పెట్టింది వాళ్ల తమ్ముడు కదా!" అన్నాడు అటెండరు.

"తమ్ముడెవరు? పొద్దున నేనే వదిలేశా. మాస్టారే చెయ్యమన్నారు. పెట్టె తడిసిపోయిందని కుర్చీలో పెట్టా."

అటెండరు హెడ్ క్లర్కు వైపు చూశాడు. హెడ్ క్లర్కు ప్రిన్సిపాల్ వైపు చూసింది. ప్రిన్సిపాల్‌కి చూడటానికి ఎవరూ మిగల్లేదు. వెనకవరసలో మాస్టారు లేచి నిలబడి మఫ్లర్ విప్పారు. ఎవరో కెవ్వుమన్నారు. "నా తర్వాత నువ్వే" అనిపించుకున్న ఇద్దరూ రెండు తలుపుల్లోంచి జారుకున్నారు. బావ తన జేబురుమాలు వైపు చూసి నోరెళ్లబెట్టాడు.

చెక్క వేదిక దిగి పరుగెత్తుకెళ్లి మాస్టారి చెయ్యి పట్టుకున్నాడు. వెచ్చగానే ఉంది. "బతికే ఉన్నారా మాస్టారూ!" అని అందరి ముందూ బావురుమన్నాడు. మాస్టారు రెండో చేత్తో అతని తల మీద ఒక్కటిచ్చారు, గట్టిగానే.

అంతటితో కథ సుఖాంతం కావలసింది. కానీ ప్రిన్సిపాల్‌కి నిబంధనలున్నాయి. అంత మంచి ప్రసంగం వృథా అయిందన్న బాధ కూడా ఉంది.

"అతను వాయించింది పరీక్ష కింద లెక్క కాదు. పరీక్ష రద్దయ్యాక వాయించాడు, పైగా అప్పటికి పరీక్షకుడు పోయి ఉన్నారు. మళ్లీ వాయించాలి."

మళ్లీ వాయించాడు. పరీక్ష గదిలో, ప్రిన్సిపాల్ ఒకపక్క, మాస్టారు ఎదురుగా. మాస్టారు ఎప్పట్లాగే కళ్లు మూసుకున్నారు. అంతే, చెక్క వేళ్లు కొయ్యబారిపోయాయి. గంట క్రితం హాలుని ఏడిపించిన పాట ఇప్పుడు బల్ల మీద మేకులు కొడుతున్నట్టు వచ్చింది. మొదటి వరస ముగిసిందో లేదో మాస్టారు లేచి, దవడ పట్టుకుని, వెనక్కి చూడకుండా బయటికి వెళ్లి తలుపు వేసేశారు.

చెక్క వాయించడం ఆపేశాడు. అయిపోయింది. వినలేక వెళ్లిపోయారు. తలుపు అద్దంలోంచి బావ తల కనిపించింది. ఆయన గడియారం చూసుకుంటున్నాడు.

"మొదలెట్టావుగా నాయనా, పూర్తి చేసెయ్" అంది ప్రిన్సిపాల్ ఆవలిస్తూ.

ఇక ఎవరి కోసమని? అయినా పూర్తి చేద్దామనుకున్నాడు. వయొలిన్ మళ్లీ ఎప్పుడు పడతాడో తెలీదు. సీటు లేదు, మాస్టారు లేరు. రేపట్నుంచి అట్టపెట్టెలు. ఒకసారి తనకోసం తను వాయించుకుని వెళ్లిపోదామని కళ్లు మూసుకుని మొదట్నుంచీ ఎత్తుకున్నాడు. ప్రిన్సిపాల్ ఆవలింత సగంలో ఆగిపోయింది. కాసేపటికి ఆవిడ మెల్లగా లేచి, ఈ పాట మాస్టారు వినితీరాలని తలుపు తీసింది.

గుమ్మం బయటే, కారుతున్న చూరు కింద స్టూలు వేసుకుని, గోడకి చెవి ఆనించి మాస్టారు కూర్చుని ఉన్నారు. దూది తీసి పారేశారు. పెదవి ఇంకా వంకరగానే ఉంది.

"తలుపెందుకు తీశారు?" అన్నారు కోపంగా. ఆ రోజు ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. "ఇంకా అయిపోలేదు. వెయ్యండి."

ప్రిన్సిపాల్ తలుపు వేసేసింది. పాట అయ్యాక మాస్టారు లోపలికొచ్చి చెక్క ఎదురుగా నిలబడ్డారు.

"ఇన్నాళ్లూ లోపం నీ చేతుల్లో ఉందనుకున్నానురా. నీ ఎదురుగా ఉన్న కుర్చీలో ఉంది" అన్నారు. ఆయన గొంతు కూడా కాస్త జారింది. "బాగుంది. పాసయ్యావు. నీ కచేరీలకి మాత్రం నన్ను పిలవకు."

బావ ఒక్కడే కంపెనీకి వెళ్లాడు.

ఆ తర్వాత అటెండరుని ప్రిన్సిపాల్ చెడామడా తిట్టింది. "ఇక తీగలు కాదు కదా, పైకప్పు ఊడి నెత్తినపడ్డా నేను నోరు విప్పనమ్మా" అని అతను ఒట్టు పెట్టుకున్నాడు. చెక్క పిలవకపోయినా మాస్టారు అతని కచేరీలన్నిటికీ వచ్చేవారు. లోపలికి రాకుండా బయట మెట్ల మీద కూర్చుని, చివరి పాట అవుతుండగా లేచి వెళ్లిపోయేవారు. కొన్నాళ్లకి చెక్కకి ఆ కాలేజీలోనే పంతులు ఉద్యోగం వచ్చింది. మాస్టారి పక్క గదే ఇచ్చారు. వాయించేటప్పుడు మధ్యగోడ అవతల కుర్చీ కిర్రుమంటే ఎక్కడో తప్పు దొర్లిందని అతనికి తెలిసిపోయేది.

ఇంకో ముసురులో, నిద్రలోనే, మాస్టారు నిజంగా పోయారు. పొద్దున్నే కబురు తెలియగానే చెక్క ఎవరితోనూ చెప్పలేక ఒక్కడే మేడెక్కాడు. ఆయన వయొలిన్ తీసి, బిరడాలు ఒక్కొక్కటే తిప్పి, తీగలు వదులు చేశాడు. కుర్చీలో ఆనించాడు. కమాను పక్కన పెట్టాడు. ఆ గదిలోనే నేల మీద కూర్చుండిపోయాడు. అటెండరు బకెట్ పట్టుకుని తొంగి చూశాడు. ఇప్పుడతనికి చూపు కూడా తగ్గింది.

"మళ్లీ రిపేరుకా బాబూ?" అని, కారే చోట బకెట్ పెట్టి వెళ్లిపోయాడు.

వరండాలో వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు, కుర్చీని చూసి పాత కథ గుర్తొచ్చి నవ్వుకున్నవాళ్లు కూడా ఉన్నారు. సాయంత్రం దాకా కాలేజీలో అన్ని గదుల్లోనూ అందరూ వాయిస్తూనే ఉన్నారు. ఆయన విని ఉంటే ఒక్కణ్ణి కూడా పాస్ చేసేవారు కాదు.